బంకులో తప్పు ఆయిల్ పడితే ముందు తాళం తీసి జేబులో పెట్టుకోండి

బండి సంగతులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఐదు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి: డీజిల్ బండిలో పెట్రోల్, పెట్రోల్ బండిలో డీజిల్, ఇలా ట్యాంకులో పడకూడనిది పడటం. అందుకే మైలేజీ, టైర్లు, సెకండ్ హ్యాండ్ బండ్ల ప్రశ్నలన్నీ వచ్చే నెలకి జరిపి మొత్తం చోటు దీనికే ఇస్తున్నాను. ఇప్పుడే బంకులో నిలబడి కంగారుగా ఫోన్‌లో ఇది చదువుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే మీకు ఒక్క మాట చాలు: స్టార్ట్ చేయకండి. తాళం మొదటి క్లిక్ దాటి తిప్పకండి, బటన్ నొక్కకండి. తాళంతో నడిచే మాన్యువల్ గేర్ బండి అయితే న్యూట్రల్‌లో పెట్టి పక్కకి తోయించండి, ఆటోమేటిక్, బటన్ స్టార్ట్ బండ్లని ఉన్నచోటే ఉంచండి. మిగతాదంతా తర్వాత తీరిగ్గా చదవొచ్చు.

ప్రశ్న: మాది విశాఖ ఎంవీపీ కాలనీ. ఐదేళ్ల డీజిల్ ఎస్‌యూవీ ఉంది. పోయిన నెల విజయనగరంలో మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్‌కి తెల్లవారుజామున బయల్దేరి హైవే మీద ఒక బంకులో ఆగాం. బండిలో మా ఆయన, మావయ్యగారు, పిల్లలు. నేను దిగి ఫోన్‌లో డబ్బులు కట్టి బిల్లు చూస్తే 2,500 రూపాయలకి పెట్రోల్ కొట్టినట్టు ఉంది. అడిగితే ఆ కుర్రాడి ముఖం తెల్లబోయింది. "ఏం కాదు మేడమ్, లోపల డీజిల్ సగం దాకా ఉంది కదా, కలిసిపోతుంది, ముందర ఇంకో బంకులో ఫుల్ ట్యాంక్ డీజిల్ కొట్టించేయండి" అన్నాడు. మావయ్యగారు కూడా "ముప్పై ఏళ్లు జీపు నడిపాను, కిరసనాయిలు కలిపి కూడా నడిపాం, పదండి, ముహూర్తం దాటిపోతుంది" అన్నారు. బయల్దేరాం. ఆనందపురం దాటాక ఇంజిన్ డబడబా కొట్టుకోవడం మొదలైంది, పికప్ పోయింది, మీటర్‌లో లైటు వెలిగింది, ఇంకో కిలోమీటరు వెళ్లి ఆగిపోయింది. ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టినా లేవలేదు. టోయింగ్ బండి మీద షెడ్డుకి తెచ్చాం. హై ప్రెషర్ పంపు, ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాలుగు ఇంజెక్టర్లు, వాటికి డీజిల్ పంచే రైలు అనే గొట్టం, పైపులు అన్నీ మార్చాలి, 2,15,000 అవుతుందని ఎస్టిమేట్ ఇచ్చారు. బంకు ఓనరేమో 5,000 ఇస్తాను, అదీ ఆ కుర్రాడి జీతంలోంచి కోస్తాను, తెలిసి కూడా నడిపింది మీరే కదా అంటున్నాడు. నిజంగా అన్నీ మార్చాలా? ఇన్సూరెన్స్ వస్తుందా? బంకు మీద ఫిర్యాదు చేయొచ్చా? పక్కనే నిలబడి కూడా చూసుకోలేదని మా ఆయన నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.
(ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ)

జవాబు: అమ్మా, మీ చివరి మాటకి ముందు జవాబు చెప్తాను. తప్పు గన్ పెట్టింది మీరు కాదు. ఆ తప్పుని పట్టుకున్నది మాత్రం, ఆ బండిలో ఉన్నవాళ్లందరిలో, మీరొక్కరే. ఆ బిల్లు మీరు చదవకపోయి ఉంటే బండి ఎందుకు ఆగిందో ఇవాళ్టికీ తెలిసేది కాదు, బంకువాళ్లని ఒక్క మాట అడగడానికి కూడా చేతిలో ఏమీ ఉండేది కాదు. ఈ పేజీ మీ ఆయనగారికి చూపించండి.

మావయ్యగారు చెప్పింది కూడా అబద్ధం కాదు, ఆయన నడిపిన బండికి అది నిజమే. పాత జీపులు, లారీల్లో చాలావాటికి ఇన్‌లైన్ పంపు ఉండేది. దాని లోపలి భాగాలకి ఇంజిన్ ఆయిల్ అందేది, ప్రెషర్ కూడా ఇప్పటితో పోలిస్తే బాగా తక్కువ. అందుకని కొంచెం కిరసనాయిలు కలిసినా పొగ వదులుకుంటూ నడిచిపోయేది. 2000 తర్వాత మన రోడ్ల మీదికి వచ్చిన కామన్ రైల్ డీజిల్ బండ్లు అలాంటివి కావు. వీటి హై ప్రెషర్ పంపుకి వేరే ఆయిల్ పోయరు, దాంట్లోంచి పారే డీజిలే దానికి ఆయిల్. ఆ తేడా చేత్తో తెలుసుకోవచ్చు. ఒక చుక్క డీజిల్ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాస్తే జారుతుంది, సబ్బుతో కడిగినా ఆ జిడ్డూ వాసనా ఓ పట్టాన వదలవు. అదే పెట్రోల్ చుక్కయితే వేలు చల్లబడుతుంది, చూస్తుండగానే ఆరిపోతుంది, చర్మం పొడిబారి తెల్లగా కనిపిస్తుంది, ఎందుకంటే మీ వేలి మీద సహజంగా ఉండే జిడ్డుని కూడా అది కడిగేసుకుపోయింది. పంపు లోపల జరిగేది కూడా అదే. కారు టైరులో మనం పట్టించే గాలి రెండు బార్ల పైచిలుకు ఒత్తిడిలో ఉంటుంది, ఈ పంపు డీజిల్‌ని 1,600 నుంచి 2,000 బార్ల దాకా నొక్కి పంపుతుంది. అంత ఒత్తిడిలో జిడ్డు లేకుండా ఇనుముకి ఇనుము రాసుకుంటే సన్నటి రజను లేస్తుంది. ఆ రజను రైలులోకి, అక్కడి నుంచి ఇంజెక్టర్లలోకి పోతుంది, వాటి లోపలి సందులు మన తలవెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండవు. మిగిలింది రిటర్న్ పైపులోంచి మళ్లీ ట్యాంకులోకే వస్తుంది. షెడ్డువాళ్లు అన్నీ మార్చాలి అంటున్నది ఇందుకే.

ఆ డబడబ శబ్దం సంగతి వేరు. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు, గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. పెట్రోల్‌ని తయారు చేసేదే నొక్కినంత మాత్రాన తనంతట తాను అంటుకోకుండా ఉండేలా. అందుకని అది ఆలస్యంగా, ఒక్కసారిగా భగ్గుమంటుంది, ఆ దెబ్బే మీకు వినిపించింది.

అయితే అన్నీ మార్చాలా వద్దా అనేది కళ్లతో చూసి తేల్చాల్సిన విషయం. ఎస్టిమేట్ మీద సంతకం పెట్టకముందే, ఇన్సూరెన్స్ అడగదలిస్తే వాళ్ల సర్వేయర్ చూశాక, షెడ్డుకి వెళ్లి, డీజిల్ ఫిల్టర్‌ని మీ ముందు విప్పి అందులోని ఆయిల్‌ని గాజు గ్లాసులో పోయమనండి, హై ప్రెషర్ పంపు మీదుండే, డీజిల్ ఎంత పోవాలో కొలిచే మీటరింగ్ వాల్వ్ కూడా విప్పి చూపించమనండి. ఆటోనగర్‌లో ఒక షెడ్డులో ఇలాగే గ్లాసులో పోస్తే నేను దగ్గరుండి చూశాను. మొదట ఏమీ లేదనిపించింది. మెకానిక్ గ్లాసుని ఎండలోకి తెచ్చి కొంచెం వంచి తిప్పగానే అడుగు నుంచి వెండి పొడి లేచి తళతళమంది, ముగ్గులో మెరుపు పొడి కలిపినట్టు. అయస్కాంతం గ్లాసుకి బయటి నుంచి ఆనించి జరిపితే ఆ పొడి దాని వెనకే నడిచింది. బండి ఓనరు అప్పటిదాకా షెడ్డువాళ్లు తనని మోసం చేస్తున్నారనే అనుకుంటున్నాడు, అది చూశాక ఇంకేం మాట్లాడలేదు. మీ గ్లాసులో ఆ మెరుపు కనిపిస్తే ఎస్టిమేట్ నిజమే అనుకోండి, సగం మార్చి సగం వదిలేస్తే మిగిలిన రజను కొత్త ఇంజెక్టర్లని మళ్లీ తినేస్తుంది. మెరుపు లేదు, వాల్వ్ శుభ్రంగా ఉంది అంటే మాత్రం ట్యాంకు దించి కడిగి, లైన్లు ఫ్లష్ చేసి, కొత్త ఫిల్టర్ వేసి, ఇంజెక్టర్లని టెస్ట్ బెంచ్ మీద పెట్టి చూశాకే ఏది పోయిందో చెప్పమనండి. కొన్ని కిలోమీటర్లు నడిపారు, ఆగాక కూడా సెల్ఫ్ కొట్టారు కాబట్టి ఏం కాదులెండి అని నేను చెప్పలేను. కానీ చూడకుండా రెండు లక్షలకి తల ఊపకండి. మార్చిన పాత పార్టులన్నీ మీకు తిరిగి ఇవ్వాలని ముందే కాగితం మీద రాయించుకోండి.

ఇన్సూరెన్స్ విషయంలో పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. మామూలు కాంప్రహెన్సివ్ పాలసీ యాక్సిడెంట్, దొంగతనం, మంటలు, వరదలాంటి వాటికే. మెకానికల్ బ్రేక్‌డౌన్‌కీ, ఒకదాని వల్ల తర్వాత జరిగిన నష్టానికీ అది వర్తించదని అందులోనే రాసి ఉంటుంది. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్-ఆన్ తీసుకుని ఉంటే ఆ కాగితం తీసి తప్పు ఫ్యూయల్ గురించి ఏం రాశారో అక్షరం అక్షరం చదవండి, ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంటే టోయింగ్ ఖర్చు, ట్యాంకు ఖాళీ చేయించే ఖర్చు వచ్చే అవకాశం ఉంది. ఏది ఉన్నా సరే, బండి విప్పకముందే ఇన్సూరెన్స్‌వాళ్లకి ఫోన్ చేయాలి. సర్వేయర్ రాకముందు విప్పేస్తే ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. బండి కంపెనీ వారంటీ మిగిలి ఉన్నా ఇలాంటి దానికి పనికిరాదు.

ఇక బంకు. ట్యాంకులో ఆయిల్ ఇంకా పారబోయకపోతే ఆపించండి. ఒక లీటరు శుభ్రమైన గాజు సీసాలోకి తీయించి, మూత మీద సీలు వేయించి, తేదీ రాసి, షెడ్డువాళ్ల సంతకం తీసుకోండి, వీలైతే బంకు మనిషి ఒకరిని కూడా రమ్మనండి. ఇది ఎందుకంటే, డీజిల్ డెన్సిటీ 15 డిగ్రీల దగ్గర 810 నుంచి 845 మధ్య ఉండాలి, పెట్రోల్‌ది 720 నుంచి 775 మధ్య. పాతిక లీటర్ల డీజిల్‌లో సుమారు 23 లీటర్ల పెట్రోల్ కలిసిన మీ ట్యాంకులోది 785 చుట్టుపక్కల వస్తుంది. అది డీజిలూ కాదు, పెట్రోలూ కాదు, ఆ అంకె మీద ఎవరూ వాదించలేరు. కొలవడానికి పెద్ద ల్యాబ్ కూడా అక్కర్లేదు, హైడ్రోమీటరు, థర్మామీటరు ప్రతి బంకులోనూ ఉండి తీరాలి. బిల్లులో పెట్రోల్ అని కాకుండా ఎంఎస్ అని ఉండొచ్చు, మోటార్ స్పిరిట్ అంటే పెట్రోలే. డీజిల్‌ని హెచ్‌ఎస్‌డీ అని రాస్తారు. బిల్లు కాగితం మీద అక్షరాలు నెలల్లో చెరిగిపోతాయి, ఇవాళే ఫోటో తీసి పెట్టండి. యూపీఐ మెసేజ్, టోయింగ్ రసీదు, ఎస్టిమేట్ అన్నీ ఒక ఫైల్లో పెట్టండి. ఆ రోజు సీసీటీవీ ఫుటేజీ భద్రపరచమని బంకుకీ, ఆ ఆయిల్ కంపెనీ డివిజనల్ ఆఫీసుకీ రిజిస్టర్డ్ పోస్టులో రాయండి, ఆలస్యమైతే అది చెరిగిపోతుంది.

ఫిర్యాదు తప్పకుండా చేయొచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి తెలుగులోనే మాట్లాడవచ్చు. అక్కడ తేలకపోతే నోటీసు ఇచ్చి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లండి. 2019 చట్టం ప్రకారం బంకు ఎక్కడున్నా మీరు ఉండే జిల్లాలోనే, అంటే విశాఖలోనే కేసు వేయొచ్చు, లాయర్ తప్పనిసరి కాదు, మీరు కట్టింది 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, జరిగిన రోజు నుంచి రెండేళ్ల లోపు వేయాలి. ఒక్క సంగతి మాత్రం ముందే తెలుసుకోండి: తెలిసి నడిపారు కదా అనే మాట అక్కడ కూడా వస్తుంది, దానికి కొంత బరువు ఉంది, మొత్తం డబ్బు రాకపోవచ్చు. మీ వైపు జవాబు, ఏం కాదు నడపొచ్చని చెప్పింది బంకు మనిషే అన్నది. అది ఎవరు విన్నారు, ఎన్ని గంటలకి, ఏ మాటల్లో అన్నాడు అనేది గుర్తుండగానే ఒక కాగితం మీద రాసి ఇంట్లో అందరూ సంతకాలు పెట్టండి.

ఇంకొకటి, ఇది చట్టం కంటే నా మనసులో మాట. ఆ కుర్రాడి జీతంలోంచి వచ్చే 5,000 పుచ్చుకోకండి. డ్యూటీలో ఉన్న మనిషి చేసిన పొరపాటుకి జవాబు చెప్పాల్సింది అతన్ని పనిలో పెట్టుకున్న యజమాని. రాత్రంతా నిలబడి తెల్లవారుజామున మీ బండి దగ్గరికి వచ్చినవాడు అతను. ఏం కాదు అని అతను అన్నది మిమ్మల్ని ముంచడానికి కాదు, జీతం పోతుందన్న భయంతో. మనం అతని మీద అరిస్తే ఇంకోసారి ఇంకెవరి బండిలోనో పొరపాటు జరిగినప్పుడు అసలు నోరే విప్పడు. నోటీసు ఓనరు పేరు మీదే ఇవ్వండి.

ప్రశ్న: నాది పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. గాజువాకలో ఒక బంకులో పది లీటర్ల డీజిల్ కొట్టేశారు. గన్ తీస్తుండగా వాసన తేడాగా ఉందని నేనే అడిగి తెలుసుకున్నాను. స్టార్ట్ చేయకుండా తోసుకుని పక్కన పెట్టి, మెకానిక్‌ని పిలిపించి ట్యాంకు మొత్తం ఖాళీ చేయించాను. 4,500 అయింది. మూడు వారాలుగా బండి బాగానే ఉంది. ముందు ముందు ఏమైనా వస్తుందా? పెట్రోల్ బండిలో డీజిల్ పడితే అసలేం కాదని మా ఫ్రెండ్ అంటున్నాడు, అనవసరంగా డబ్బు తగలేశానా?
(ఒక పాఠకుడు, గాజువాక)

జవాబు: ఒక్క రూపాయి కూడా అనవసరంగా పోలేదు. మీరు చేసినంత సరిగ్గా చేసినవాళ్లని నేను ఎక్కువమందిని చూడలేదు, నిశ్చింతగా నడుపుకోండి.

మీ ఫ్రెండ్ మాటలో సగమే నిజం. పెట్రోల్ బండిలో డీజిల్ పడితే డీజిల్ బండిలో పెట్రోల్ పడినంత ఘోరం జరగదు, పంపు అరిగిపోయే భయం లేదు. కానీ స్టార్ట్ చేసి ఉంటే లైన్‌లో మిగిలిన పెట్రోల్‌తో కాసేపు మామూలుగానే నడిచేది, అందుకే చాలామంది ఏం కాలేదని మోసపోతారు. ఆ తర్వాత జెర్కులు, వెనక తెల్లటి పొగ, చివరికి ఆగిపోవడం. డీజిల్ సరిగ్గా మండక ప్లగ్‌ల మీద నల్లగా పేరుకుంటుంది, మండని డీజిల్ సిలిండర్ గోడల మీదుగా కిందికి జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. లేవట్లేదని అదేపనిగా సెల్ఫ్ కొడితే ఆ పచ్చి ఆయిల్ సైలెన్సర్‌లో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ దాకా పోతుంది, అది పోతే బిల్లు పెద్దదే. స్టార్ట్ చేసినవాళ్లయితే ట్యాంకు, లైన్లు కడగడంతో పాటు ప్లగ్‌లు, ఇంజిన్ ఆయిల్ కూడా మార్పించుకోవాలి.

బండిని తోసే విషయంలో చాలామంది ఇరుక్కుంటున్నారు కాబట్టి మీ ఉత్తరం సాకుతో చెప్తాను. తాళం తీసేస్తే స్టీరింగ్ లాక్ పడిపోతుంది, తిప్పలేం. తాళం పెట్టి మొదటి క్లిక్ దాకా మాత్రమే తిప్పండి, స్టీరింగ్ వదులవుతుంది. రెండో క్లిక్‌కి మీటర్ లైట్లన్నీ వెలుగుతాయి, ట్యాంకులో ఉన్న పంపు తిరిగి ఆయిల్‌ని ఇంజిన్ వైపు తోస్తుంది, ఇంజిన్ లేవకపోయినా సరే. అక్కడికి పోవద్దు. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు బ్రేక్ చాలా గట్టిగా ఉంటుంది, స్టీరింగ్ బరువుగా ఉంటుంది, అందుకని చదునుగా ఉన్నచోటే, నెమ్మదిగా. ఆటోమేటిక్ బండి, బటన్ స్టార్ట్ బండి అయితే తోయాలని చూడకండి. అది పార్క్‌లోంచి బయటికి రావాలంటేనే ఇగ్నిషన్ ఆన్ చేయాల్సి వస్తుంది. బంకువాళ్లు వెనక బండ్లు ఆగిపోయాయని ఎంత గోల పెట్టినా టోయింగ్ బండి వచ్చేదాకా అక్కడే ఉంచండి.

పెట్రోల్‌లో డీజిల్ కలిసిందేమో అని అనుమానం వస్తే బంకులో ఫిల్టర్ పేపర్ అడగండి, ఇవ్వాల్సిందే. గన్ మూతి తుడిచి ఒక చుక్క వేయండి. మంచి పెట్రోల్ అయితే రెండు నిమిషాల్లో ఆరిపోయి మరక మిగలదు. డీజిల్ కలిస్తే జిడ్డు మరక ఉండిపోతుంది, బజ్జీల పొట్లం కాగితం మీద ఉంటుందే, అలాగ.

ప్రశ్న: మా బండికి డీజిల్ పోసే మూత పక్కనే చిన్న నీలం మూత ఉంటుంది, పొగని శుభ్రం చేసే యాడ్‌బ్లూ పోయడానికి. మా అబ్బాయి యాడ్‌బ్లూ డబ్బా తెచ్చి పొరపాటున డీజిల్ ట్యాంకులో రెండు లీటర్లు పోసేశాడు. అది నీళ్లలాంటిదే కదా, ఫిల్టర్ ఆపేస్తుందిలే అంటున్నాడు. ఇంకా స్టార్ట్ చేయలేదు.
(పెందుర్తి)

జవాబు: స్టార్ట్ చేయకండి, ఇది పెట్రోల్ కంటే తక్కువదేం కాదు. యాడ్‌బ్లూ, డీఈఎఫ్ రెండూ ఒకటే: 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధమైన నీళ్లు. డీజిల్ కంటే బరువు కాబట్టి ట్యాంకు అడుగుకి దిగుతుంది, ఆయిల్ లాగే పైపు ఉండేది కూడా అక్కడే. అంటే మీరు స్టార్ట్ చేసిన క్షణం ముందుగా పోయేది అదే. నీళ్లు ఆరాక యూరియా ఉప్పు బిళ్లల్లా గడ్డకట్టి ఫిల్టర్‌లో, పంపులో, ఇంజెక్టర్ల మూతుల్లో కూర్చుంటుంది, ఇనుముని తినేస్తుంది కూడా. ట్యాంకు దించి కడగాల్సిందే. ఎవరైనా తిరగేసి నీలం మూతలో డీజిల్ పోసినా ఇదే మాట, అక్కడున్న సీళ్లు, సెన్సార్లు డీజిల్‌కి తట్టుకోవు. మీ అబ్బాయి వచ్చి వెంటనే చెప్పాడు కదా, అందుకు అతన్ని మెచ్చుకోండి.

ప్రశ్న: ఇంట్లో రెండు కార్లు, ఒకటి డీజిల్, ఒకటి పెట్రోల్. మా అమ్మాయి కొత్తగా నడుపుతోంది. బంకులో తికమక పడకుండా ఏం నేర్పాలి?
(మధురవాడ)

జవాబు: బంకులో ఆగాక కిందికి దిగమనండి. ఏసీ వేసుకుని అద్దంలోంచి డబ్బులు చెప్పే అలవాటు మొదటి నుంచే వద్దు. "రెండు వేలకి కొట్టు" అనకుండా "డీజిల్, రెండు వేలు" అని ఆయిల్ పేరు ముందు పెట్టి చెప్పమనండి. గన్ పెట్టకముందు మెషీన్ మీద సున్నాతో పాటు ఆయిల్ పేరు కూడా చదవాలి. గన్ రంగుని నమ్మొద్దు, అన్ని బంకుల్లో ఒకేలా ఉండదు. డీజిల్ గన్ లావుగా ఉంటుంది, పెట్రోల్ బండిలో దూరదు అనే మాట కూడా నమ్మొద్దు, అన్నిచోట్లా ఆ తేడా ఉండదు, పైగా సన్నటి పెట్రోల్ గన్ డీజిల్ బండిలో హాయిగా దూరిపోతుంది, ఎక్కువ నష్టం ఆ వైపే. 2019 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లకి ముందు అద్దం మీద స్టిక్కర్ ఉంటుంది, డీజిల్‌కి నారింజ, పెట్రోల్‌కి లేత నీలం. అయినా బంకు మనిషి నిలబడేది వెనక వైపు కాబట్టి మూత లోపల పెద్ద అక్షరాలతో తెలుగులో డీజిల్ అని ఒక స్టిక్కర్ అంటించండి. షాపులో ఇరవై రూపాయల పని.

ప్రశ్న: మా ఇంటి ఎదురు బంకులోనే డీజిల్ బండిలో 8 లీటర్ల పెట్రోల్ కొట్టేశారు. స్టార్ట్ చేయలేదు, నలుగురం తోసుకుని అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి తెచ్చేశాం. మెకానిక్‌కి ఎందుకు ఇవ్వాలి, సన్న పైపు పెట్టి నోటితో లాగి బకెట్లలోకి తీసేద్దాం అనుకుంటున్నాం. ఆ ఆయిల్ మా తమ్ముడి బైకులో కొంచెం కొంచెం కలిపి వాడుకోవచ్చా? లేదంటే ఎక్కడ పారబోయాలి?
(కంచరపాలెం)

జవాబు: దయచేసి ఆ పని మొదలుపెట్టకండి, ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే ఆపేయండి. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు. ఆరుబయట అయితే గాలికి కొట్టుకుపోతుంది, సెల్లార్‌లో మాత్రం కనపడకుండా నేల మీద పరుచుకుని, లిఫ్ట్ గుంటలోకీ సంపు మోటారు దగ్గరికీ పాకుతుంది. అక్కడ ఒక స్విచ్ వేసినా చాలు. డీజిల్‌లో కలిసింది కదా, అంత తేలిగ్గా అంటుకోదు అనుకోకండి, కొంచెం పెట్రోల్ కలిసినా ఆ మిశ్రమం పెట్రోల్ అంత సులువుగానే అంటుకుంటుంది. ప్లాస్టిక్ బకెట్‌లోకి పోస్తుంటే స్టాటిక్ కరెంటుతో కూడా నిప్పురవ్వ రావచ్చు. నోటితో లాగితే పొట్టలోకి పోయేదానికంటే ఊపిరితిత్తుల్లోకి పోయే చుక్క ప్రమాదం. ఎవరైనా ఇప్పటికే మింగి ఉంటే వాంతి చేయించవద్దు, వాంతిలో అది మళ్లీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అంత కష్టపడ్డా ఇప్పటి బండ్ల ట్యాంకు గొట్టంలో అడ్డంగా జాలీ, వాల్వ్ ఉంటాయి, పైపు అడుగు దాకా పోనే పోదు.

కలిసిన ఆయిల్‌ని విడదీయడం మన వల్ల అయ్యే పని కాదు. 1957 నుంచి మల్కాపురంలో నడుస్తున్న రిఫైనరీని ఆ రోడ్డులో వెళ్లేవాళ్లందరూ చూస్తారు. క్రూడ్‌ని కాచి, ఏ వేడి దగ్గర ఏది ఆవిరవుతుందో దాన్నిబట్టి పెట్రోల్‌ని, డీజిల్‌ని వేరు చేయడానికే అంతంత ఎత్తు టవర్లు కట్టారు. మళ్లీ కలిపేశాక గుడ్డలో వడకట్టినా, రాత్రంతా కదలకుండా ఉంచినా విడిపోవు. తమ్ముడి బైకులో పోయకండి, పైన గాజువాక పాఠకుడికి చెప్పిన ప్లగ్‌ల గొడవంతా బైకుకీ వస్తుంది. కాలవలో, గెడ్డలో అసలే పోయకండి. మన గెడ్డలన్నీ చివరికి కలిసేది సముద్రంలోనే, మధ్యలో ఎవరు చుట్ట ముట్టించి పుల్ల పారేస్తారో కూడా తెలియదు.

షెడ్డువాళ్లు ట్యాంకు దించి, తీసిన ఆయిల్‌ని డ్రమ్ములో పట్టి, వాడిన ఆయిల్ తీసుకెళ్లేవాళ్లకి ఇస్తారు. ఆ మాట ముందే అడిగి కనుక్కోండి. మీరు స్టార్ట్ చేయలేదు కాబట్టి ఖర్చు వేలల్లోనే ఉంటుంది, కొత్త ఫిల్టర్ కూడా వేయించండి. ర్యాంపు మీద నలుగురు కలిసి పైకి తోయడం ప్రమాదం, విన్చ్ ఉన్న టోయింగ్ బండిని పిలిపించి లాగించండి. అది వచ్చేదాకా ట్యాంకు మూత బిగించి ఉంచి, సెల్లార్‌లో ఎవరూ బీడీ, సిగరెట్ ముట్టించకుండా చూడమని వాచ్‌మన్‌కి చెప్పండి.